కాళ్లతో నడిపి చూసిన కారు

మూసాపేటలో ఇప్పుడు మెట్రో స్టేషను ఉన్న చోటికి కొంచెం అవతల, తొంభైల చివర్లో మాకొక రేకుల షెడ్డు ఉండేది. ఇంజను పనులు నా జోడీదారు చూసేవాడు, కరెంటు పనులు నేను చూసేవాణ్ణి. ఇప్పుడు ఆ షెడ్డు లేదు. నేనూ పని మానేసి చాలాకాలమైంది. కారుకు చిన్న పెట్టె తగిలించి లోపమేదో తెర మీద చదువుకునే కుర్రాళ్లు కొందరు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. "మీరు బాగా కష్టపడి పట్టుకున్న కంప్లైంటు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. పట్టుకున్నవి చాలా ఉన్నాయి. అవి చెబితే నాకు సంతోషం, మీకు పనికొచ్చేది తక్కువ. అందుకని పట్టుకోలేకపోయిన దాని గురించి రాస్తున్నాను. పట్టుకోలేకపోయాననడం కూడా పూర్తిగా నిజం కాదు. పట్టుకున్నాను. కాకపోతే అప్పటికి దాంతో ఎవరికీ పని లేకుండా పోయింది.

అప్పుడు మాదాపూర్‌లో బండలు పేలుస్తున్నారు. ఆ గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచింది. దాని చుట్టూ చిన్నా పెద్దా కంపెనీలు వచ్చాయి. వాటిలో చేరిన పిల్లలు మొదటి జీతాలు అందుకోగానే కారు కొనేవాళ్లు. కొన్నాక దాన్ని ఉన్నదున్నట్టు ఉంచడం వాళ్లకు చిన్నతనంగా ఉండేది. ఒక షాపులో అలారం, ఇంకో షాపులో సెంట్రల్ లాకింగు, మరో షాపులో డిక్కీ నిండా సౌండు బాక్సులు, ముందర పసుపు లైట్లు. ప్రతివాడూ చేతికి దగ్గరగా దొరికిన వైరు గీకి, తన వైరు దానికి చుట్టి, టేపు వేసి పంపేసేవాడు. నాలుగు షాపులు తిరిగొచ్చిన కారు డాష్‌బోర్డు విప్పితే లోపల కాకిగూడు కనిపించేది. అలాంటి బండ్లను దారిలో పెట్టడంలో నాకు కొంచెం పేరుండేది. పేరుతో పాటు పొగరు కూడా ఉండేది.

నా జోడీదారు మెదక్ వైపు మనిషి. నాకంటే చిన్న. ఇంజనుకు చెవి ఆనించి రోగం చెప్పగలిగేవాడు గానీ వైర్లంటే ఒళ్లుమంట. "కండ్లకు కనవడని పని నాకొద్దన్నా" అనేవాడు. ఇద్దరికీ రోజూ ఏదో ఒక మాట పట్టింపు వచ్చేది. సాయంత్రానికి ఒకే చాయ్ రెండు గ్లాసుల్లో పోసుకుని తాగేవాళ్లం.

ఒక రోజు పొద్దున ఒక చిన్న తెల్ల కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. మనిషి దిగలేదు, హారను కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"దిగొచ్చి చెప్పరాదా? మనమేమన్న ఆయన నౌకర్లమా?" అంటూ జోడీదారు విసురుగా వెళ్లాడు. వెళ్లినవాడు కిటికీ దగ్గర ఒక్క క్షణం నిలబడి, గొంతు మార్చి నన్ను పిలిచాడు. వెనక సీట్లో రెండు చంక కర్రలు ఉన్నాయి.

ఆయన ముప్పై దాటని మనిషి. భుజాలు పహిల్వానువి, కాళ్లు చిన్న పిల్లాడివి. పసితనంలో పోలియో వచ్చింది. గుంటూరు వైపు మాట. మియాపూర్‌లో కింది అంతస్తు ఫ్లాటులో భార్యతో ఉంటాడు. మాదాపూర్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం. రెండు వేల సంవత్సరం రాగానే పాత కంప్యూటర్లన్నీ తికమకపడతాయని అప్పట్లో అందరూ భయపడ్డారు కదా, ఆ పాత ప్రోగ్రాములను వెతికి సరిచేసే పని.

కాళ్లతో పని లేకుండా నడిపేలా మార్పించిన కారు అది. స్టీరింగు కింద కుడివైపు ఒక ఇనుప కడ్డీ. అవతలికి తోస్తే బ్రేకు, తనవైపు లాక్కుంటే ఎక్సలేటరు. గేరు రాడ్డు పిడి మీద ఒక చిన్న బటను. దాన్ని నొక్కి పట్టుకుంటే ఇంజను దగ్గరున్న ఒక వాల్వుకు కరెంటు అందుతుంది. అది తెరుచుకుని, ఇంజను పీల్చే గాలి బలంతో క్లచ్చును నొక్కి పెడుతుంది. బటను వదిలితే క్లచ్చు వదులుతుంది. మామూలు పెడళ్లు మూడూ తీసేయకుండా అలాగే ఉంచారు, భార్య నేర్చుకుంటే నడుపుతుందని. ఈ మార్పులు చేసినవాడొకడు. తర్వాత ఏసీ పెట్టినవాడొకడు, అలారం పెట్టినవాడు ఇంకొకడు.

"బటను నొక్కే ఉంచుతానండి. అయినా ఒక్కోసారి క్లచ్చు దానంతటది వదిలేస్తుంది. ఆపబోయే కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది" అన్నాడాయన.

"ఎప్పుడెప్పుడైతది సార్? ఇంజను వేడెక్కినంకనా, ఏసీ ఏసినప్పుడా, వాన పడ్డప్పుడా?"

"అన్నిటిలోనూ అయిందండి. అన్నిటిలోనూ కాకుండానూ ఉంది. ఎప్పుడో తెలిస్తే మీదాకా ఎందుకొస్తానండీ?"

నేను నవ్వాను. "ఫికర్ జెయ్యకుండ్రి సార్. వైరు ఎన్నిరోజులు దాక్కుంటది?" అన్నాను. ఆ మాట అన్నది నేనేనని ఇప్పటికీ గుర్తుంది.

డాష్‌బోర్డు విప్పితే అలారం వాడు చేసిన ఘనకార్యం కనిపించింది. క్లచ్చు వాల్వుకు వెళ్లే కరెంటు దారిని మధ్యలో కోసి తన పెట్టె గుండా తిప్పాడు. అతుకు వదులుగా ఉంది, టేపు కింద పచ్చగా చిలుము పట్టింది. ఇదే దొంగ అనుకున్నాను. ఆ పెట్టె తీసేసి, వాల్వుకు కొత్త వైరు లాగి, ఫ్యూజు వేశాను. కారు తీసుకుని కూకట్‌పల్లి దాకా పోయి వచ్చాను. దారంతా పది గజాలకోసారి ఆగుతూ, బటను నొక్కుతూ వదులుతూ. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆయన కొన్ని వారాలకు మళ్లీ వచ్చాడు. ఈసారి హారను కొట్టలేదు. మేం చూసేదాకా ఊరికే కూర్చున్నాడు.

కొండాపూర్ చౌరస్తాలో ఆగిపోయిందట. వెనక బస్సు, దాని వెనక ఇంకో బస్సు. ఒకాయన దిగి వచ్చి బానెట్టు మీద చరుస్తూ, "దిగి నెట్టరాదా, ఏం జూస్తున్నవ్?" అని అరిచాడట. ఈయన వెనక సీట్లోంచి కర్ర తీసి చూపించాడు.

"అప్పుడాయన చప్పున నోరు మూసుకున్నాడండి. మళ్లీ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది" అన్నాడు.

ఏసీ వేసినవాడు పెట్టిన రిలే, అంటే కరెంటుతో పడే స్విచ్చు, సగం మాడి ఉంది. అది లాగే కరెంటుకు వాల్వుకు అందాల్సింది తగ్గుతోంది. నిజంగానే తగ్గుతోంది, మీటరు పెట్టి చూశాను. ఇదీ దొంగే అనుకున్నాను. మార్చాను. నడిపి చూశాను. తప్పలేదు. తర్వాతి విడత వాల్వునే మార్పించాను, దాని లోపల తుప్పు కనిపించింది కాబట్టి. ఇక్కడే మీలాంటివాళ్లు జాగ్రత్తగా వినాలి. నాకు దొరికినవి ఏవీ అబద్ధపు లోపాలు కావు. ప్రతిసారీ ఒక నిజమైన లోపం దొరికింది. దొరికిన ప్రతిసారీ నేను వెతకడం ఆపేశాను.

ఆ రోజుల్లో ఆయన మా షెడ్డులో చాలాసేపు గడిపేవాడు. కారు దిగడం ఇష్టం ఉండదు గనక నేను డాష్‌బోర్డు కింద పడుకుని పనిచేస్తుంటే పక్క సీట్లోకి జరిగి కూర్చునేవాడు. "మీదీ నాదీ ఒకటే పనండి" అన్నాడొకసారి. "ఎవరెవరో రాసి వదిలేసిన దాంట్లో తప్పు ఎక్కడుందో వెతకడం. రాసినవాడు ఎక్కడున్నాడో తెలియదు. మీకు చేతులకు మసి అంటుతుంది, నాకు అంటదు. అంతే తేడా."

ఇంకోసారి, నేను అడక్కుండానే, "ఇన్నేళ్లూ నన్ను ఎవరో ఒకరు ఎత్తి కూర్చోబెట్టారండి. స్కూల్లో, బస్సులో, కాలేజీ మెట్ల మీద. అందరూ మంచివాళ్లే. కారు కొన్నాక నన్నెవరూ ఎత్తలేదు" అన్నాడు.

ఒకసారి ఆఫీసుకు వెళ్లాక కారు కదలనంటే నేనే సామాన్లు తీసుకుని అక్కడికి పోయాను. అక్కడ గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి పరిచయమయ్యాడు. పాలమూరు వైపు నుంచి వచ్చిన నడివయసు మనిషి. గేటంటే పెద్దదేమీ కాదు, రెండు ఇనుప స్తంభాల మధ్య ఒక గొలుసు. రోడ్డు మీంచి గొలుసు దాకా చిన్న పల్లం. కారు వచ్చి గొలుసు ముందు ఆగితే ఈయన గొలుసు దించి, కారు వెంట లోపలికి నడిచి, వెనక సీట్లోంచి కర్రలు తీసి అందిస్తాడు. ఎత్తబోడు, చెయ్యి పట్టుకోబోడు. కర్రలు అందించి రెండడుగులు వెనక్కి తగ్గి నిలబడతాడు.

"మా సారుకు ఒగరు పట్టుకుంటె నచ్చదు. నాకెర్క" అన్నాడు నాతో. "జర మంచిగ జెయ్యి అన్నా బండిని. అది ఆగిననాడు సారు తిండి గూడ తినడు."

బండి మళ్లీ షెడ్డుకు వచ్చినప్పుడు జోడీదారు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "అన్నా, గీ బండి నాకు మంచిగ కొడ్తలేదు. దొరికేదాంక తోలొద్దని చెప్పు సారుకు."

చెప్పాను. "బండి ఈడ్నే ఇడిసిపెట్టుండ్రి సార్. దొరికినంకనే ఇస్త."

"ఎప్పటికి దొరుకుతుందండీ?"

నేను మీటరు వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"బండి ఇక్కడుంటే నేను ఇంట్లో ఉండాలండి. పని అందరికంటే వెనకబడితే, పాపం కాళ్లు లేవు కదా అంటారు. ఆ మాట నాకొద్దండి" అని ఆయన కారు తిప్పుకుని వెళ్లిపోయాడు. నేనూ ఆపలేదు. ఆ వారమే వాల్వు మార్చాను, అంతా సరిగ్గానే ఉందని లోపల ఒక నమ్మకం.

అది వానాకాలం మొదట్లో ఒక పొద్దున. షెడ్డు పక్క కిరాణా కొట్టుకు ఫోను వచ్చింది. ఆఫీసు రిసెప్షన్‌లో అమ్మాయి. సరిగ్గా మాట్లాడలేకపోతోంది. "ఆ తెల్ల కారు రిపేరు చేసేది మీరేనా? మీరు రండి సార్, వెంటనే రండి" అంది.

నేనూ జోడీదారూ స్కూటరు మీద పోయాం. సన్నటి జల్లు పడుతోంది. గేటు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. కారు ముందు భాగం కుడివైపు స్తంభానికి ఆనుకుని ఉంది. గొలుసు కింద పడి ఉంది. పక్కనే సెక్యూరిటీ మనిషి టోపీ.

జరిగింది ఇది. సారు పల్లంలో దిగి వచ్చి గొలుసు ముందు ఆపుతున్నాడు. సెక్యూరిటీ మనిషి గొలుసు దించడానికి స్తంభం దగ్గర, కారుకు ఎదురుగా వంగి ఉన్నాడు. బటను నొక్కే ఉంది. క్లచ్చు వదిలేసింది. కారు కుదిపింది. కాళ్లు ఆనించుకోగల మనిషి ఆ కుదుపుకు ఆగుతాడు. ఈయనకు ఆనించుకోవడానికి కాళ్లు లేవు. ఒళ్లు వెనక్కి పోయింది, కడ్డీ పట్టుకున్న చెయ్యి ఒంటితో పాటు వెనక్కి వచ్చింది. కడ్డీ తనవైపు లాక్కుంటే ఎక్సలేటరు అని చెప్పాను కదా. కారు ముందుకు దూకింది. బంపరుకూ స్తంభానికీ మధ్య ఆ మనిషి మోకాలు పడింది.

సెక్యూరిటీ మనిషిని ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. మేం వెళ్లేసరికి జనమంతా స్తంభం దగ్గర నిలబడి, ఎలా జరిగిందో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. కారులో సారు అలాగే కూర్చుని ఉన్నాడు. అద్దం దించి ఉంది, వాన లోపలికి కొట్టి చొక్కా తడిసింది. ఆయన దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. కోపంతో కాదు. ఆయన దిగాలంటే కర్రలు అందించాలని తెలిసినవాడు అక్కడ ఒక్కడే, ఆ ఒక్కడూ దవాఖానలో ఉన్నాడు.

నేను వెనక తలుపు తీసి కర్రలు అందించాను. ఆయన తీసుకోలేదు.

"బటను నొక్కే ఉందండి" అన్నాడు. "నేను వదల్లేదండి. మీరు నమ్ముతారా?"

"నమ్ముత సార్."

"ఎవరూ నమ్మరండి."

అదే జరిగింది. పోలీసులు వచ్చారు. వచ్చిన అధికారి కారులోకి తొంగి చూసి, కడ్డీ చూసి, ఆయన్ని చూసి, "కాళ్లు లేనోడికి కారెందుకయ్యా?" అన్నాడు. అది ఆయన వినేటట్టే అన్నాడు. తర్వాత బండిని పరీక్షించే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కారులో కూర్చుని, కొంచెం దూరం నడిపి, బ్రేకు వేసి, బటను నొక్కి, అంతా సరిగ్గానే ఉందన్నాడు. బండిలో లోపం లేదు, తోలినవాడి పొరపాటు అని రాసుకుపోయాడు. నేను ఏదో చెప్పబోయాను. "లోపమేందో చూపిస్తవా?" అని అడిగాడు. చూపించడానికి నా దగ్గర ఏముంది? నేను బాగుచేసి ఇచ్చిన బండి కదా.

కొన్నాళ్లకు పోలీసులు కారును వదిలిపెట్టారు. ఆయన భార్య ఫోను చేసి, "ఇంటికి తేవద్దండి, మీ దగ్గరే ఉంచండి" అంది. షెడ్డులో ఓ మూల పెట్టాం. పని లేని మధ్యాహ్నాల్లో నేను దాన్ని విప్పడం మొదలుపెట్టాను. ఎవరూ అడగలేదు. అలారం వైర్లు, ఏసీ వైర్లు, పాటల పెట్టె వైర్లు ఒక్కొక్కటే బయటికి లాగాను. సీటు కింది తివాచీ తీశాను. జోడీదారు చూస్తూ తిరిగేవాడు. ఆ నెలల్లో మా మధ్య ఒక్క మాట పట్టింపు కూడా రాలేదు. అది ఇంకా కష్టంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం బటన్ను టేపుతో నొక్కి కట్టేసి, తాళం తిప్పి ఉంచాను. వాల్వుకు కరెంటు అందుతోంది, అది తెరుచుకునే ఉంది. లోపల ఇంకో కట్ట వైర్లు చూద్దామని డ్రైవరు సీట్లోకి ఎక్కాను. కాళ్లు పెట్టుకోవడానికి చోటు లేదు. కింద విప్పిన వైర్లూ, నట్లూ, రేకులూ. అందుకని కాళ్లు ముడిచి సీటు మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ముందుకు వంగితే తూలాను. ఆపుకోవడానికి ఆ కడ్డీని పట్టుకుని బరువంతా వేసి అవతలికి తోశాను.

బానెట్టు కింద టక్ మంది.

కడ్డీ వదిలాను. మళ్లీ టక్. తోశాను. టక్. వదిలాను. టక్.

నేను తోసినప్పుడల్లా ఆ వాల్వు మూసుకుంటోంది, వదిలినప్పుడల్లా తెరుచుకుంటోంది. కారులో ఏ సామానుకైనా కరెంటు వచ్చే దారి ఒకటి, ఇనుము గుండా తిరిగి బ్యాటరీకి పోయే దారి ఒకటి ఉండాలి. ఆ తిరిగిపోయే దారిని ఎర్త్ అంటాం. ఆ వాల్వు ఎర్త్ వైరును, మొదట మార్పులు చేసినవాడు, కడ్డీని డాష్‌బోర్డు కింద బిగించిన పట్టీ బోల్టుకే చుట్టాడు. పట్టీకి చక్కగా నల్ల రంగు వేశాడు. రంగు గుండా కరెంటు పోదు. బోల్టు అంచు గీరుకున్న చోట మాత్రం, వెంట్రుక మందాన, ఇనుముకు ఇనుము తగులుతోంది. కడ్డీని మెల్లగా తోస్తే ఏమీ కాదు. పల్లంలోనో, ఎవరో అడ్డం వచ్చినప్పుడో బలంగా తోస్తే పట్టీ రవ్వంత వంగి ఆ తగులుడు వదిలేస్తుంది. ఒంటి బరువుతో వెనక్కి లాగినా అంతే. ఆయన భుజాలు పహిల్వానువని చెప్పాను కదా.

ఆ ఎర్త్ నేను చూడలేదనుకోకండి. ప్రతిసారీ టెస్టు ల్యాంపు పెట్టి చూశాను. దీపం భేషుగ్గా వెలిగేది. కడ్డీని కూడా కదిపి చూశాను, నట్లు గట్టిగా ఉన్నాయో లేదోనని. అంతకంటే దానితో నాకేం పని? అది బ్రేకు, అది ఇనుము, దానికి వైరు లేదు. కారును ఎన్నోసార్లు నడిపాను. బటను చేత్తోనే నొక్కాను. కానీ బ్రేకు మాత్రం ప్రతిసారీ కాలితో వేశాను. నా జోడీదారూ కాలితోనే వేశాడు. ఆ ఇన్‌స్పెక్టరూ కాలితోనే వేశాడు. కాళ్లున్నవాళ్లం, పెడళ్లు కనిపించాయి, తొక్కాం. ఆ కారు తప్పు చేసేది ఒక్క ఆయన నడిపినప్పుడే. మేం నడిపినంతసేపూ అది మంచి కారు.

జోడీదారును పిలిచాను. మాట్లాడకుండా కడ్డీ తోసి చూపించాను. అతను టక్ మన్న చప్పుడు విన్నాడు. ఇంకోసారి తొయ్యమన్నాడు. ఇంకోసారి విన్నాడు. 

"ఇప్పుడు గిది ఎవలికి చెప్తవన్నా?" అన్నాడు.

ముందు సెక్యూరిటీ మనిషికి చెప్పాను. బోరబండలో కిరాయి గదిలో ఉన్నాడు. ఆపరేషను అయింది, మోకాలు వంగడం లేదు. ఆయన బదులు గేటు దగ్గర వేరే మనిషిని పెట్టారు. భార్య సామాన్లు మూటలు కడుతోంది, ఊరికి పోవడానికి. "సారు తప్పు కాదు, వైరు తప్పు" అని చెబితే ఆశ్చర్యపోతాడనుకున్నాను.

"సారు తప్పు గాదని నాకెర్కనే అన్నా" అన్నాడు. "బండి మీదికొస్తుంటె నాకంటె ఎక్కువ ఆయనే మొత్తుకున్నడు. ఆ మొత్తుకునుడు ఇప్పటికీ చెవులల్ల ఉన్నది." కాలు చేత్తో సర్దుకుని, "వైరు తప్పని కంపెనీల చెప్తె నన్ను మల్ల డ్యూటీకి తీసుకుంటరా?" అని అడిగాడు.

 ఆయన భార్య మూట ముడి వేస్తూ, "ఏం తీసుకుంటరు, నిలవడనీకె రాదాయె" అంది.

తర్వాత మియాపూర్ వెళ్లాను. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఆ సంఘటన తర్వాత కంపెనీ వ్యాను పంపింది. మెట్టు ఎత్తుగా ఉండేది, ఇద్దరు మనుషులు ఎత్తి కూర్చోబెట్టేవాళ్లు. కొన్నాళ్లు వెళ్లాడు, తర్వాత మానేశాడు. ఆయన చేయాల్సిన పని ఇంకొకరు పూర్తి చేశారట.

అంతా వివరంగా చెప్పాను. పట్టీ, రంగు, బోల్టు. వెంట తెచ్చిన బోల్టు చూపించాను. ఆయన దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ విన్నాడు. ఆయన ముఖం వెలుగుతుందనుకున్నాను. తన తప్పు కాదని తెలిసింది కదా.

"అన్నిసార్లు నడిపి చూశారు కదండీ" అన్నాడు మెల్లగా. "ఆ కడ్డీని ఒక్కసారి కూడా తొయ్యలేదా?"

"లేదు సార్."

ఆయన భార్య లోపలికి వెళ్లిపోయింది.

"పోనీలెండి" అన్నాడు బోల్టు నా చేతిలో పెడుతూ. "నేనూ చెప్పలేదు. బలంగా తోసినప్పుడే ఆగుతోందని నాకూ తట్టలేదు. ఆ క్షణంలో చేతి సంగతి ఎవరికి గుర్తుంటుందండీ?"

బాగుచేసి తెస్తానన్నాను. ఆయన వద్దనలేదు, తెమ్మనీ అనలేదు. మర్నాడే వాల్వు దగ్గర్నుంచి నేరుగా బ్యాటరీకి ఎర్త్ వైరు లాగాను. మూరెడు వైరు, చివర్న ఒక చిన్న రింగు. చాయ్ చల్లారేలోపు అయిపోయే పని. తివాచీ, డాష్‌బోర్డు, అన్నీ తిరిగి బిగించి, ఈసారి కాళ్లు ముడుచుకుని కూర్చుని కడ్డీతోనే నడిపి చూశాను. ఎంత బలంగా తోసినా తప్పలేదు. చేతులతో కారు నడపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. షెడ్డు నుంచి మెయిన్ రోడ్డు దాకా వెళ్లేసరికి భుజాలు లాగేశాయి.

ఆదివారం పొద్దున కారును మియాపూర్ తీసుకెళ్లాను. ఆయన కర్రల మీద వచ్చి, డ్రైవరు సీట్లో కూర్చుని, కాళ్లను చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. భార్య తలుపు దగ్గర నిలబడింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. తాళం తిప్పాడు. ఇంజను మెత్తగా అందుకుంది. ఎడమ చెయ్యి గేరు పిడి మీద, బొటనవేలు బటను మీద. కుడి చెయ్యి కడ్డీ మీద.

"తొయ్యండి సార్. బలంగ తొయ్యండి. ఏం గాదు."

తోశాడు. కారు కుదపలేదు. బటను నొక్కే ఉంది, క్లచ్చు నొక్కే ఉంది.

"బాగుందండి" అన్నాడు. "సరిగ్గా ఉందండి."

"ఇగ గేరు ఎయ్యండి సార్. ఈ సందు చివరిదాంక పోయొద్దాం."

గేరు వెయ్యలేదు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ గేటు తీసి, పక్కన నిలబడి మా కోసం చూస్తున్నాడు. ఆయన ఆ వాచ్‌మన్‌నే చూస్తున్నాడు.  గేరు మీది చెయ్యి కూడా తీసి కడ్డీ మీద వేసి గట్టిగా తోసి పట్టుకున్నాడు. 

"ఆయన్ని అక్కణ్ణుంచి తప్పుకోమనండి" అన్నాడు.

నేను దిగి వాచ్‌మన్‌ను లోపలికి పంపేశాను. తిరిగొచ్చేసరికి ఇంజను ఆపేసి ఉంది. తాళం తీసి సీటు మీద పెట్టాడు.

"మీరు బాగానే చేశారండి. ఇక ఆగదు. ఎవరికైనా అమ్మిపెట్టండి" అన్నాడు. భార్యను పిలిచాడు. ఆమె వచ్చి కర్రలు అందించబోతే, "కర్రలు వద్దు. నువ్వే పట్టుకో" అన్నాడు. ఆమె ఆయన చంకల కింద చేతులు వేసి ఎత్తింది. నేను కాళ్లు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాం. 

కారు తీసుకుని నేను మూసాపేట బయల్దేరాను. కూకట్‌పల్లి దగ్గర బస్సులు అడ్డం వచ్చాయి, ఆటోలు అడ్డం వచ్చాయి, కడ్డీని బలంగా తోసి బ్రేకు వెయ్యాల్సి వచ్చింది. దారి పొడుగునా కారు ఒక్కసారి కూడా కుదిపి ఆగిపోలేదు.